మనోవేదనకు కులం లేదా?

విద్యార్థుల మానసిక ఆరోగ్యం గురించి సుప్రీంకోర్టు 2025లో రెండుసార్లు గట్టిగా మాట్లాడింది. మార్చి 24న అమిత్ కుమార్ కేసులో, ఉన్నత విద్యాసంస్థల్లో జరుగుతున్న ఆత్మహత్యలపై అధ్యయనానికి జస్టిస్ రవీంద్ర భట్ అధ్యక్షతన జాతీయ టాస్క్‌ఫోర్స్‌ను నియమించింది. ఐఐటీ ఢిల్లీలో 2023లో మరణించిన ఇద్దరు షెడ్యూల్డ్ కులాల విద్యార్థుల కుటుంబాలు, తమ బిడ్డల మరణాల వెనుక కులవివక్ష ఉందని, పోలీసులు ఎఫ్‌ఐఆర్ అయినా నమోదు చేయలేదని చేసిన పోరాటమే ఆ తీర్పుకు మూలం. జూలై 25న సుక్‌దేబ్ సాహా కేసులో మరో తీర్పు వచ్చింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023 జూలైలో మరణించిన పదిహేడేళ్ల బాలిక తండ్రి ఆ కేసు నడిపారు. మానసిక ఆరోగ్యం రాజ్యాంగంలోని 21వ అధికరణం కింద జీవించే హక్కులో అంతర్భాగమని చెప్పిన న్యాయస్థానం, దేశమంతటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, మనస్తత్వ నిపుణుడినో, సామాజిక కార్యకర్తనో నియమించాలని అందులో ఉంది. బడి, కాలేజీ, కోచింగ్ సెంటర్, హాస్టల్ అన్నీ ఈ పరిధిలోకే వస్తాయి.

ఈ రెండు తీర్పులూ స్వాగతించదగినవే. అయితే వీటిని హైదరాబాద్ పాతబస్తీలోని కిషన్‌బాగ్ నుంచి చదివితే కొన్ని ప్రశ్నలు మిగులుతాయి. మనసుకు తగిలిన గాయానికి సామాజిక కారణం ఉన్నప్పుడు ఆ కారణాన్ని కౌన్సెలర్ ఏం చేయాలి? బాధితుడిని ఓదార్చి అదే తరగతి గదికి, అదే హాస్టల్‌కు తిరిగి పంపితే అది చికిత్స అవుతుందా, సర్దుబాటు అవుతుందా? అవమానాన్ని రోగంగా మార్చి, అవమానించిన వ్యవస్థను ప్రశ్నించకుండా వదిలేసే మానసిక వైద్యం అణగారిన యువతకు న్యాయం చేయలేదు. వేదనను రాజకీయ సాక్ష్యంగా మాత్రమే చూసి, బతికున్న మనిషికి అందవలసిన చికిత్సను వాయిదా వేసే ఉద్యమ ధోరణి కూడా న్యాయం చేయలేదు. చికిత్స, న్యాయం రెండూ హక్కులే. ఒకదాన్ని చూపి మరొకదాన్ని ఎగవేయడానికి వీల్లేదు.

ముందు లెక్కల సంగతి చూద్దాం. జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రకారం 2022లో 13,044 మంది, 2023లో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. ఆ నివేదికలో వయసు, లింగం, చదువు, ఆదాయం, వృత్తి వంటి వివరాలకు పట్టికలుంటాయి. కులానికి మాత్రం పట్టిక ఉండదు. పార్లమెంటులో ఎవరైనా సభ్యుడు నిలదీసి అడిగితే తప్ప ఆ వివరం బయటకు రాదు. అలా అడిగినప్పుడే, 2014-2021 మధ్య కేంద్ర విద్యాసంస్థల్లో 122 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని, వారిలో 24 మంది ఎస్సీలు, ముగ్గురు ఎస్టీలు, 41 మంది ఓబీసీలని 2021 డిసెంబరులో ప్రభుత్వం వెల్లడించింది. అంటే సగానికి పైగా మరణాలు ఈ వర్గాలవే. పరీక్షల ఒత్తిడి, కుటుంబ సమస్యలు, ప్రేమ వైఫల్యం అని కారణాలకు గడులు గీసే రాజ్యం వివక్షకు గడి గీయకపోవడాన్ని యాదృచ్ఛికం అనుకోలేం. నమోదు కాని కారణానికి నివారణ కూడా ఉండదు.

జబ్బుల లెక్క దగ్గరా ఇదే లోటు. నిమ్హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే పన్నెండు రాష్ట్రాల్లో సాగింది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ అందులో లేవు. చికిత్స అవసరమైనవారిలో అత్యధికులకు అది అందడం లేదని, చాలా రుగ్మతల్లో ఈ లోటు డెబ్బై శాతం దాటిందని ఆ సర్వే తేల్చింది. పదమూడు నుంచి పదిహేడేళ్ల పిల్లల్లో 7.3 శాతం మందికి ఏదో ఒక మానసిక సమస్య ఉందని కూడా చెప్పింది. నగరమంతా ఒకే సగటులో కలిసిపోయినప్పుడు జూబ్లీహిల్స్ పిల్లవాడి దిగులుకూ, కిషన్‌బాగ్ పిల్లవాడి దిగులుకూ మధ్య తేడా కనిపించదు. వేదన ఇద్దరిదీ నిజమే. దాన్ని చెప్పుకునే చోటు, విని నమ్మే మనిషి, చికిత్సకు పెట్టగల సొమ్ము ఇద్దరికీ సమానం కావు.

మనస్తత్వశాస్త్ర పరిభాష కులాన్ని కప్పిపుచ్చడానికి ఎలా ఉపయోగపడుతుందో తెలియాలంటే మన నగరం దాటి వెళ్లనక్కరలేదు. 2016 జనవరి 17న హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రోహిత్ వేముల మరణించాడు. అంతకుముందు అతనితో సహా ఐదుగురు దళిత పరిశోధక విద్యార్థులను హాస్టల్ నుంచి బహిష్కరించారు. వారు ఆరుబయట ‘వెలివాడ’ వేసుకుని చలిలో పడుకున్నారు. అతని ఫెలోషిప్ నెలల తరబడి ఆగిపోయింది. ఈ సంఘటనలన్నీ రికార్డుల్లో ఉన్నవే. అయినా కేంద్రం నియమించిన రూపన్‌వాల్ కమిషన్ అతని మరణానికి వ్యక్తిగత నిస్పృహే కారణమని, విశ్వవిద్యాలయం తీసుకున్న చర్యలకు దానితో సంబంధం లేదని తేల్చింది. పైగా అతని తల్లి కుల ధ్రువీకరణను ప్రశ్నించింది. 2024 మేలో పోలీసులు కేసు మూసివేత నివేదిక ఇస్తూ అదే దారిలో నడిచారు. నిరసన వెల్లువెత్తాక మళ్లీ దర్యాప్తు జరుపుతామన్నారు. ‘నిస్పృహ’ అన్న పదం ఇక్కడ ఎవరి పనికి వచ్చిందో గమనించాలి. ఒక యువకుడి మనసును అర్థం చేసుకోవడానికి కాక, ఒక సంస్థను విముక్తం చేయడానికి ఆ మాటను వాడారు.

రోహిత్ ఒక్కడే కాదు. 2019 మేలో ముంబైలో ఆదివాసీ వైద్యురాలు పాయల్ తడ్వీ మరణించారు. 2023 ఫిబ్రవరిలో ఐఐటీ బొంబాయిలో దర్శన్ సోలంకి మరణించాడు. అదే నెలలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ చదువుతున్న లంబాడా యువ వైద్యురాలు, సీనియర్ వేధింపుల ఆరోపణల నడుమ నిమ్స్‌లో కన్నుమూసింది. ఇలాంటి ప్రతి మరణం తర్వాతా ఆ విద్యార్థి చదువులో వెనుకబడ్డాడనో, సున్నిత మనస్కురాలనో ఒక మాట పుట్టుకొస్తుంది. సున్నితత్వాన్ని లోపంగా లెక్కించే సమాజం, ఎదుటివారి మొరటుతనాన్ని మాత్రం సహజమని సరిపెట్టుకుంటుంది. రాధిక వేముల, ఆబిదా తడ్వీ అనే ఇద్దరు తల్లులు 2019లో సుప్రీంకోర్టుకు వెళ్లి, యూజీసీ 2012లో చేసిన సమానత్వ నిబంధనలు కాగితం మీదే ఉండిపోయాయని ఫిర్యాదు చేయాల్సి వచ్చిందంటే లోపం ఎక్కడుందో తెలుస్తూనే ఉంది.

మానసిక ఆరోగ్య శాస్త్రం మాత్రం ఇంత సంకుచితమైనది కాదు. అమెరికాలో కెన్నెత్ క్లార్క్, మేమీ క్లార్క్ దంపతులు నల్లజాతి పిల్లల ముందు తెల్లబొమ్మ, నల్లబొమ్మ ఉంచి ఏది మంచిదని అడిగారు. చాలామంది పిల్లలు తెల్లబొమ్మనే ఎంచుకున్నారు. ఆ పరిశోధన 1954 నాటి బ్రౌన్ తీర్పులో సాక్ష్యంగా నిలిచింది. పరీక్షించింది పిల్లల మనసునైనా, తీర్పు వెలువడింది వేరుపరిచిన బడులకు వ్యతిరేకంగా. యుద్ధం నుంచి తిరిగొచ్చిన వియత్నాం సైనికుల ఒత్తిడి వల్లనే 1980లో అమెరికా మనోవైద్య గ్రంథంలో గాయానంతర మానసిక రుగ్మతకు చోటు దక్కింది. ఏ వేదనకు పేరు పెట్టాలో, దేనికి పెట్టకూడదో అన్న నిర్ణయంలో సమాజ బలాబలాల పాత్ర ఉంటుందనడానికి ఇవి దాఖలాలు. మన దగ్గర అంబేడ్కర్ 1936లోనే కులాన్ని ఒక మానసిక స్థితిగా గుర్తించారు. ఆ మాటను తీవ్రంగా తీసుకుంటే మనోవైద్యుడి ఎదుట కూర్చోవలసినది అవమానపడినవాడు మాత్రమే కాదు, అవమానించడం తన హక్కు అనుకునేవాడు కూడా.

మన చట్టం కూడా ఈ ఎరుకను కొంతవరకు పలికించింది. 2018 మే 29న అమల్లోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం ఒకరి రాజకీయ, ఆర్థిక, సామాజిక స్థాయిని బట్టి గానీ, వారు పుట్టిన సాంస్కృతిక, జాతి, మత సమూహాన్ని బట్టి గానీ వారికి మానసిక రుగ్మత ఉందని నిర్ణయించకూడదు. 18వ సెక్షన్ ప్రతి ఒక్కరికీ ప్రభుత్వం నడిపే లేదా నిధులిచ్చే మానసిక వైద్యసేవలను పొందే హక్కునిచ్చింది. అందులో వివక్ష చూపకూడని అంశాల జాబితాలో కులాన్ని పేరుపెట్టి చేర్చింది. దారిద్య్రరేఖకు దిగువనున్నవారికి ఈ సేవలు ఉచితం. ఆత్మహత్యకు యత్నించినవారిని తీవ్ర ఒత్తిడిలో ఉన్నవారిగా పరిగణించి, శిక్షించకుండా సంరక్షణ అందించాలని 115వ సెక్షన్ చెబుతోంది. చట్టంలో ఇంత స్పష్టత ఉంది. కేంద్ర ఆరోగ్య బడ్జెట్‌లో మానసిక ఆరోగ్యానికి దక్కుతున్నది మాత్రం దాదాపు ఒక శాతమే.

ఇప్పుడు కిషన్‌బాగ్‌కు వద్దాం. మూసీకి దక్షిణాన, జూపార్కుకు సమీపాన, అత్తాపూర్‌కూ బహదూర్‌పురాకూ నడుమ ఉన్న ఈ ప్రాంతం పేరులో కృష్ణుడి తోట ఉంది. బస్తీల్లో ముస్లింలు అధికం. సిఖ్ ఛావనీలో, పంతొమ్మిదో శతాబ్దంలో నిజాం కొలువుకు పంజాబు నుంచి వచ్చిన సైనికుల వారసులైన దక్కనీ సిక్కులున్నారు. దళిత, బీసీ కుటుంబాలున్నాయి. బయటివారికి ఇదంతా ఒకే ‘ఓల్డ్ సిటీ’. చిరునామా చెప్పగానే ఎదుటివారి ముఖంలో వచ్చే మార్పును ఇక్కడి యువతీయువకులు చదువుకునే చోట, ఉద్యోగం వెతుక్కునే చోట, అద్దె ఇల్లు అడిగే చోట చూస్తూనే ఉంటారు. పాతబస్తీ అంటే మతం మాత్రమే గుర్తుకొచ్చే చర్చల్లో ఇక్కడి కులం కనుమరుగవుతోంది. 2007లో వచ్చిన బీసీ-ఈ జాబితాలో ఖురేషీ, హజామ్, ధోబీ, ఫకీరు వంటి వృత్తి కులాల పేర్లున్నాయి. 2024-25 తెలంగాణ కులసర్వే రాష్ట్ర జనాభాలో బీసీ ముస్లింలు 10.08 శాతమని తేల్చింది. సాటి ముస్లింల నడుమ ‘నీచ వృత్తి’ అన్న ఎత్తిపొడుపు, బయట మతం పేరిట అనుమానం. ఈ రెండింటినీ మోసే యువకుడి వేదనకు మన విధానపత్రాల్లో పేరే లేదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ముస్లింలను ఎస్సీ జాబితా వెలుపలే ఉంచింది గనుక, కులం పేరుతో అవమానం జరిగినా అట్రాసిటీ చట్టం కింద కేసు పెట్టే మార్గం కూడా అతనికి లేదు.

2014 మే 14 ఉదయాన్ని కూడా ఇక్కడ గుర్తుచేసుకోవాలి. సిఖ్ ఛావనీలో మతపతాకం దగ్ధమైందన్న వార్తతో రెండు వర్గాల మధ్య ఘర్షణ చెలరేగింది. కాల్పుల్లో ముగ్గురు మరణించారు. కర్ఫ్యూ విధించారు. విచారణ గురించి, పరిహారం గురించి, ఎన్నికల ఫలితాల మీద ప్రభావం గురించి చర్చలు జరిగాయి. ఆ ఉదయం ఎనిమిది తొమ్మిదేళ్ల వయసున్న పిల్లలు ఇప్పుడు ఇరవై దాటిన యువకులు. మూసిన తలుపుల వెనుక వాళ్లు విన్న చప్పుళ్లు, పక్కింటి స్నేహితుడి మీద రాత్రికి రాత్రి పుట్టిన భయం ఏమయ్యాయి? వరదనో, భూకంపాన్నో చూసిన పిల్లలకు మానసిక సాయం కావాలని అంగీకరించే ప్రభుత్వాలు, మతఘర్షణను చూసిన పిల్లల విషయంలో శాంతిభద్రతల భాషలోనే మాట్లాడతాయి. 2024లో మూసీ ఒడ్డు బస్తీల ఇళ్లపై అధికారులు ఎర్రగుర్తులు వేసినప్పుడూ ఇంతే. ఇల్లు పోతుందేమోనన్న భయంతో పరీక్షకు కూర్చునే విద్యార్థి ఆందోళనను ఏ పునరావాస పథకమూ లెక్కలోకి తీసుకోదు.

చికిత్స కోసం ఎక్కడికి వెళ్లాలి? నగరంలో ప్రభుత్వ మానసిక చికిత్సాలయం అంటే ఎర్రగడ్డ. 1953 నుంచి అక్కడున్న ఆ ఆసుపత్రి పేరు హైదరాబాద్ మాటల్లో ఒక తిట్టుగా మారిపోయింది. ‘ఎర్రగడ్డకు పంపాలి’ అన్న ఎగతాళి విని పెరిగిన పిల్లవాడు, తనకు నిద్రపట్టడం లేదని చెప్పుకోవడానికి అక్కడికి వెళ్లగలడా? ఆడపిల్ల అయితే పెళ్లి సంబంధాల భయం తోడవుతుంది. దక్కనీ ఉర్దూ మాట్లాడే ఇళ్లలో కుంగుబాటును ఆ పేరుతో పిలవరు. ‘దిల్ ఘబ్రారహా’ అంటారు. నజర్ తగిలిందంటారు. తెలుగు ఇళ్లలో గాలి సోకిందంటారు, దిష్టి తీస్తారు. ఈ మాటలను మూఢత్వమని కొట్టిపారేసే వైద్యుడు రోగిని రెండోసారి చూడడు. వాటి వెనుకనున్న వేదనను వినగలిగినవాడే చికిత్స చేయగలడు.

అందుకే చాలా కుటుంబాలు ముందుగా దర్గాకు, బాబా దగ్గరకు, గుడికి వెళ్తాయి. ఈ దారిలో ప్రమాదం ఉంది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో గొలుసులతో కట్టేసిన 28 మంది మానసిక రోగులు అగ్నికి ఆహుతయ్యారు. ఈ దారిలోనే అవకాశమూ ఉంది. గుజరాత్‌లోని మీరా దాతార్ దర్గాలో ‘దవా-దువా’ పేరుతో ప్రార్థనకు వచ్చినవారికి అక్కడే మనోవైద్యుడి సేవ అందించే ఏర్పాటు జరిగింది. ముజావర్లను శత్రువులుగా చూడకుండా, రోగిని వైద్యుడి వైపు నడిపించే తోడుగా మలచుకున్నారు. పాతబస్తీలో ఇలాంటి ప్రయత్నానికి దర్గాలకు కొదవలేదు, కొదవున్నది ప్రభుత్వ సంకల్పానికే.

ఇక్కడ ఒక అభ్యంతరం వినిపించవచ్చు. కౌన్సెలింగ్, మాత్రలు, హెల్ప్‌లైన్ అంటూ సామాజిక అన్యాయాన్ని వ్యక్తి సమస్యగా కుదించడమే ఇదంతా, కావలసింది కులనిర్మూలన గాని మనోవైద్యం కాదని కొందరు మిత్రులు అంటారు. ఈ వాదనలో నిజం ఉంది. కానీ కులం నిర్మూలన అయ్యేదాకా నిద్రలేని రాత్రిని ఆపుకోమని ఏ విద్యార్థికీ చెప్పలేం. క్షయ పేదరికం వల్ల పెరుగుతుందని తెలిసినా మందు ఇవ్వడం మానం, పేదరికంపై పోరాటమూ ఆపం. పైగా తీవ్రమైన కుంగుబాటు, మనోవైకల్యం వంటి జబ్బులు అన్ని కులాల్లోనూ వస్తాయి. వాటికి సకాలంలో వైద్యం సంపన్నుల పిల్లలకు ప్రైవేటు క్లినిక్‌లో దొరుకుతుంది, పేదల పిల్లలకు దొరకదు. చికిత్సను అనుమానించే రాజకీయం చివరకు ఈ అసమానతనే కాపాడుతుంది.

ఎటువంటి సాయం పనిచేస్తుందో కూడా ఇప్పుడు కొంత తెలుసు. బీహార్‌లోని నలందా జిల్లాలో డెబ్బైకి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ‘సెహర్’ అనే ప్రయోగం జరిగింది. దాని ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. కొన్ని బడుల్లో ఉపాధ్యాయులకు, మరికొన్నింట స్థానికంగా ఎంపికై శిక్షణ పొందిన సామాన్య కౌన్సెలర్లకు బాధ్యత అప్పగించారు. వారు ఒక్కొక్క విద్యార్థితో మాట్లాడటంతో సరిపెట్టలేదు. ఫిర్యాదుల పెట్టె, విద్యార్థుల బృందాలు, గోడపత్రిక, వేధింపులపై బడి అంతటికీ వర్తించే నియమం వంటివి నడిపారు. కౌన్సెలర్లు పనిచేసిన బడుల్లో బడి వాతావరణం మెరుగైంది, వేధింపులు, కుంగుబాటు తగ్గాయి. ఉపాధ్యాయులకే అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. మార్కులు వేసే చేతికే కన్నీళ్లు తుడిచే పనికూడా ఇస్తే పిల్లలు నోరు విప్పలేరన్న పాఠం ఇందులో ఉంది. పిల్లవాడి మనసు బాగుపడటానికి బడి మారాలన్నది మరో పాఠం.

సుప్రీంకోర్టు మార్గదర్శకాలు ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ తదితర అణగారిన నేపథ్యాల విద్యార్థులతో మెలగడంలో సిబ్బందికి శిక్షణ ఇవ్వాలన్నాయి. మార్కులను బట్టి బ్యాచ్‌లుగా విడదీయడం, అందరి ముందూ అవమానించడం వద్దన్నాయి. తెలుగు రాష్ట్రాల కార్పొరేట్ కాలేజీల సంగతి తెలిసినవారికి ఈ మాటల విలువ తెలుసు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల గందరగోళం తర్వాత ఇరవైమందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నప్పుడు కూడా కమిటీలు, హామీలు వచ్చాయి. ఈసారి అలా కాకూడదంటే నిర్దిష్టమైన పనులు జరగాలి.

మొదటిది, విద్యార్థుల ఆత్మహత్యలు, ఆత్మహత్యాయత్నాల వివరాలను వ్యక్తుల గోప్యత కాపాడుతూ కులం, మతం, సంస్థ వారీగా ఏటా ప్రకటించాలి. వివక్షను ఒక కారణంగా నమోదు చేయాలి. రెండోది, కౌన్సెలర్ జీతం, బదిలీ యాజమాన్యం చేతిలో ఉండకూడదు. విద్యార్థి అంగీకారంతో వివక్ష ఫిర్యాదును సమాన అవకాశాల విభాగానికి పంపే అధికారం ఆ కౌన్సెలర్‌కు ఉండాలి. మూడోది, ఈ కొత్త ఉద్యోగాల్లో దళిత, ఆదివాసీ, బీసీ, ముస్లిం యువతకు రిజర్వేషన్లు పాటించి, వారి చదువుకు ఫెలోషిప్‌లు ఇవ్వాలి. తన బస్తీ పేరు విని ముఖం చిట్లించని మనిషి ఎదుట కూర్చోవడమే సగం ధైర్యం. నాలుగోది, కిషన్‌బాగ్ వంటి ప్రాంతాల బస్తీ దవాఖానాల్లో వారానికి కొన్ని రోజులైనా తెలుగు, ఉర్దూ తెలిసిన మనస్తత్వ నిపుణులు సాయంత్రం వేళల్లో అందుబాటులో ఉండాలి. పగలు పనిచేసి రాత్రి చదువుకునే యువకుడు ఉదయపు ఓపీకి రాలేడు. ఐదోది, ఘర్షణలు, కూల్చివేతలు జరిగిన చోట పిల్లలకు మానసిక సాయం పునరావాసంలో భాగం కావాలి.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ-మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబవళ్లూ ఉచితంగా అందుతోంది. ఈ వ్యాసం చదివే విద్యార్థుల్లో ఎవరికైనా బతుకు భారమనిపిస్తే ఆ నంబరుకు ఫోన్ చేయడం బలహీనత కాదు, పౌరుడిగా తన హక్కును వాడుకోవడం. అయితే ఫోన్ పెట్టేశాక ఆ విద్యార్థి వెళ్లేది తన తరగతికే, తన హాస్టల్‌కే, తన వీధికే. అక్కడ అతన్ని పేరుతో పిలుస్తారా, కులంతో పిలుస్తారా అన్నదానికి జవాబు చెప్పవలసింది హెల్ప్‌లైన్ కాదు. విద్యాసంస్థలు, ప్రభుత్వం, వాటితోపాటు మనమందరం.